మజ్జిగలో ఎన్నో పాలు నీళ్లు? అమరకోశం లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

#1 కవ్వంకుండ

మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన ప్రతి ఎండాకాలం చలివేంద్రం పెడతారు. ఈసారి మజ్జిగ పని నా నెత్తిన పడింది. పొద్దున్నే 10 లీటర్ల పెరుగు వస్తుంది, దాన్ని చిలికి 40 లీటర్ల నీళ్లు పోసి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేసి స్టీలు డ్రమ్ములో పెడుతున్నాను. 150 మిల్లీలీటర్ల పేపర్ గ్లాసు చొప్పున 330 గ్లాసుల పైచిలుకు వస్తాయి, మధ్యాహ్నం రెండింటికల్లా డ్రమ్ము ఖాళీ. ఎండలో వచ్చి తాగినవాళ్లెవరూ ఏమీ అనలేదు. నిన్న మాత్రం వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఇది మజ్జిగ కాదు, పెరుగు గిన్నె తొలిచిన నీళ్లు" అని పెట్టారు. దానికి నలుగురు చప్పట్ల బొమ్మలు.

ఆ కోపంతో ఇంట్లో అరుస్తుంటే మా మామగారు (ఎనభై దాటాయి, చిన్నప్పుడు వీధిబడిలో అమరం, అంటే అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం, వల్లె వేసిన మనిషి) పడక్కుర్చీలోంచి లేవకుండానే "ఆయన అన్నదాంట్లో తప్పేముందమ్మా, అమరసింహుడి లెక్కలో నీది తక్రమూ కాదు, ఉదశ్విత్తూ కాదు" అని ఒక ముక్క చదివారు. రాసుకున్నాను:

తక్రం హ్యుదశ్విన్మథితం పాదాంబ్వర్ధాంబు నిర్జలమ్

అర్థం అడిగితే "వెతుక్కో, నాకు నిద్రొస్తోంది" అన్నారు. అసలు నిఘంటువులో మజ్జిగకి నీళ్ల కొలత ఉండటమేంటి? ఎవరైనా విడమర్చి చెబుతారా, నేను గ్రూపులో తలెత్తుకోవాలి.

#2 పాతకట్టపుస్తకం

మామగారికి నా నమస్కారం చెప్పండి, పొల్లుపోకుండా చెప్పారు. అది అమరకోశం రెండో కాండలో వైశ్యవర్గంలోది. సేద్యం, పాడి, వంట, బేరసారాల మాటలన్నీ ఆ వర్గంలోనే కుదురుతాయి.

ముందు మూడు పేర్లు చెప్పి, వెనక మూడు కొలతలు చెప్పాడు. వరసగా జత కలుపుకోవాలి, దాన్ని యథాసంఖ్యం అంటారు. తక్రానికి పాదాంబు, అంటే నాలుగో వంతు నీళ్లు. ఉదశ్విత్తుకి అర్ధాంబు, సగం నీళ్లు. మథితానికి నిర్జలం, చుక్క నీళ్లు లేకుండా చిలికినది. అంతే. ఒక్క పంక్తిలో మూడు మాటలకి అర్థాలు, అదీ ఛందస్సు చెడకుండా. ఇప్పటి నిఘంటువుల్లో మూడింటికీ "మజ్జిగ" అని రాసి చేతులు దులుపుకుంటారు.

దీని ముందు పంక్తిలో దండాహతం, కాలశేయం, అరిష్టం, గోరసం అని మజ్జిగకి మామూలు పేర్లున్నాయి. దండాహతం అంటే కర్ర దెబ్బలు తిన్నది, మీ పేరులో ఉన్న కవ్వమే ఆ కర్ర. కాలశేయం అంటే కలశిలో, అంటే కుండలో పుట్టినది, మీ పేరులో మిగిలిన సగం. ఆ పేర్లకి నీళ్లతో పని లేదు. తర్వాతి పంక్తిలో పెరుగు మీది తేటకి మస్తు అనీ, కొత్తగా ఈనిన ఆవు పాలకి పీయూషం అనీ. పీయూషం అంటే అమృతమని సినిమా పాటల్లో విని విని మనం పైకెత్తేశాం గానీ ఇక్కడ అది జున్నుపాలే.

#3 లెక్క_తప్పని_పంతులు

నాలుగో వంతు అనేశారు, సరే. దేంట్లో నాలుగో వంతు? 4 గ్లాసుల పెరుగుకి 1 గ్లాసు నీళ్లా, లేక మొత్తం కలిపాక 4 గ్లాసులైతే అందులో 1 గ్లాసు నీళ్లా? మొదటి పద్ధతిలో మొత్తంలో నీళ్లు 20 శాతం, రెండో పద్ధతిలో 25 శాతం. సగం దగ్గరికొస్తే తేడా ఇంకా పెద్దది. పెరుగులో సగం నీళ్లంటే 2కి 1, మొత్తంలో సగం అంటే 1కి 1. ఇది చిన్న తేడా కాదు, ఒకటి లస్సీ, ఇంకోటి మజ్జిగ.

#4 పాతకట్టపుస్తకం

మంచి చిక్కే పెట్టారు పంతులుగారూ. శ్లోకంలో "దేంట్లో" అన్న మాట లేదు. నాకు తోచింది చెబుతాను: పాడి ఇంట్లో మనిషి ముందు పెరుగు కుండ చూస్తుంది, దాన్ని బట్టి నీళ్లు పోస్తుంది. అయ్యాక మొత్తం కొలిచేది ఎవరు? కాబట్టి నా ఓటు 4కి 1. ఇది నా ఊహ, అమరసింహుడి మీద పెట్టకండి.

తెలుగులో చెబితే ఇంకో తమాషా ఉంది. "నాలుగో పాలు నీళ్లు" అంటాం. పాలు అంటే వాటా, పాలు అంటే క్షీరం. "పాలలో మూడు పాళ్లు నీళ్లు" అన్న వాక్యాన్ని వేరే భాషవాడికి వివరించి చూడండి, మీ ఓపిక తెలుస్తుంది.

#5 గుర్గావ్_గుంటూరు

అంటే వాట్సాప్ ఆయనే గెలిచాడన్నమాట. కవ్వంకుండ గారూ, 10 లీటర్ల పెరుగుకి మీరు పోయాల్సింది రెండున్నర లీటర్లు. 83 గ్లాసులతో దుకాణం బంద్.

#6 కవ్వంకుండ

పుండు మీద కారం చల్లినట్టుంది. 83 గ్లాసులంటే మా వాచ్‌మన్, ఇస్త్రీ బండి ఆయన, కూరగాయల వాళ్లు తాగేసరికే అయిపోతాయి. పదకొండింటికే తాళం వేసుకోవాలి.

#7 ఓరుగల్లు_పోరి

మా దిక్కు మజ్జిగ అనరు, సల్ల అంటరు. పుస్తకం భాషలో చల్ల. "సల్లకొచ్చి ముంత దాసినట్టు" అన్న సామెత అందరికీ తెలిసిందే కదా. పాడి ఉన్నోళ్లు వెన్న తీసుకున్నాక చల్ల ఊరికే పోసేవాళ్లు, దానికి పైసలు తీసుకోవడం నామోషీ. అడిగేవాళ్లకి కూడా అదే మొహమాటం, అందుకే ముంత కొంగు చాటున.

మా అమ్మమ్మ చల్ల చిలికే గురిగి నాకింకా కళ్ల ముందుంది. పొద్దున ఆరింటికి వెన్న తీసేది. అప్పటికి చల్ల చిక్కగానే ఉండేది. మొదటి ముంత పట్టుకుని ఎవరో వచ్చేవాళ్లు, పోసేది. రెండో ముంత వస్తే పోసేది. మూడో మనిషి వాకిట్లో కనబడగానే, మాట్లాడుతూనే, ఎడమ చేత్తో బిందెలోంచి ఒక చెంబు నీళ్లు గురిగిలో వంపేది. వచ్చినామె చూసేది, అమ్మమ్మకీ తెలుసు ఆమె చూసిందని. ఇద్దరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఏడింటికి వచ్చినోళ్లకి దొరికేది మీ చలివేంద్రం సరుకే అక్కా. అది కూడా చల్లే, ఎవరూ వేరే పేరు పెట్టలే.

#8 ముల్కనాటి_మామ

మాకూ చల్లే అమ్మా, కడప కాడ. మజ్జిగ అంటే కోస్తావాళ్లని గుర్తుపట్టేవాళ్లం. మజ్జిగకి చుట్టం కన్నడంలో ఉంది, వాళ్లది మజ్జిగె. అరవంలో మోర్, నీళ్లు బాగా పోసినదాన్ని నీర్‌మోర్ అంటారు, శ్రీరామనవమికి అదే పంచుతారు. చూడండి, అరవవాళ్లు నీళ్లు పోసినందుకు సిగ్గుపడకుండా పేరులోనే పెట్టుకున్నారు.

#9 చిట్కా_వైద్యం

మీరంతా అమరం దగ్గరే ఆగిపోయారు. ఆయుర్వేదం వాళ్ల లెక్క వేరే. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 45వ అధ్యాయం ద్రవాల గురించే. అక్కడ తక్రానికి "అర్ధోదకం" అని స్పష్టంగా ఉంది, సగం నీళ్లు. పక్కనే "నాతిసాంద్రద్రవం" అంటాడు, మరీ చిక్కనా కాదు, మరీ నీళ్లనా కాదు. చిలికి వెన్న వేరు చేసి ఉండాలి. అంటే నిఘంటువుకి పావు, వైద్యుడికి సగం.

16వ శతాబ్దపు భావప్రకాశంలో ఇంకా విడమర్చి ఐదు రకాలు చేశారు. మీగడతో సహా నీళ్లు లేకుండా చిలికితే ఘోలం. మీగడ తీసేసి నీళ్లు లేకుండా అయితే మథితం. పావు నీళ్లయితే తక్రం, సగమైతే ఉదశ్విత్తు, ఈ రెండూ అమరం లెక్కే. ఐదోది వినండి: ఛచ్ఛిక. సారం తీసేసి, తేటగా, "ప్రచురవారికా". అంటే నీళ్లు దండిగా పోసినది. కొలత లేదు, దండిగా అంతే.

#10 కవ్వంకుండ

దండిగా! దొరికింది నా పేరు! నాది ఛచ్ఛిక! గ్రూపులో ఇప్పుడే పెడతాను.

#11 గుర్గావ్_గుంటూరు

ఆగండాగండి. ఇక్కడ ఢిల్లీ వైపు ఛాఛ్ అని గల్లీ గల్లీలో అమ్మేది అదేగా! మూడేళ్ల నుంచి తాగుతున్నా, వేయించిన జీలకర్ర పొడి వేసి ఇస్తారు, లస్సీ ఏమో గరిటతో తినాల్సినంత చిక్కన. అంటే లస్సీ ఘోలం, ఛాఛ్ ఛచ్ఛిక. ఒకే బండి మీద రెండు చివర్లూ అమ్ముతున్నారు, మధ్యలో తక్రమూ ఉదశ్విత్తూ ఎవరికీ అక్కర్లేదు.

#12 ల్యాబ్‌కోటు

నేను కెమిస్ట్రీ చెబుతాను, అదీ తెలుగు మీడియంలో, కాబట్టి ఈ చర్చ చూసి ఆగలేకపోతున్నా. మా పుస్తకాల్లో డైల్యూట్‌కి "సజల". సజల హైడ్రోక్లోరికామ్లం, గాఢ సల్ఫ్యూరికామ్లం. సజల అంటే నీళ్లతో కూడినది అని మాత్రమే, ఎన్ని నీళ్లో చెప్పదు. మొదటిసారి క్లాసులో ఈ మాట రాసినప్పుడు వెనక బెంచీలోంచి "సార్, సజల నయనాలా" అని వినబడింది, ఏడాదంతా ఆ ఆమ్లానికి అదే పేరు.

అసలు విషయం ఇది. షాపులో దొరికే గాఢ హైడ్రోక్లోరికామ్లం సీసా మీద చూస్తే ఆమ్లం బరువులో 37 శాతం దగ్గర ఉంటుంది. మిగిలిన 63 శాతం? నీళ్లే! నీళ్లలో కరిగిన వాయువు అది, అంతకన్నా పెద్దగా చిక్కబడదు. మరి "గాఢ" అని పేరు పెట్టినదాంట్లో సగం కంటే ఎక్కువ నీళ్లున్నాయి. అమరసింహుడికి చూపిస్తే ఉదశ్విత్తు దాటిపోయిందంటాడు. సల్ఫ్యూరిక్‌కి మాత్రం గాఢ అన్న పేరు తగుతుంది, 98 శాతం. అందుకే పిల్లలకి సజల, గాఢ అన్నవి కొలతలు కావురా, పోల్చి చెప్పే మాటలు అని ప్రతి సంవత్సరం మొత్తుకుంటాను.

కొన్ని పుస్తకాల్లో "విలీన ద్రావణం" అని కూడా ఉంటుంది. అది మరీ గందరగోళం.

(పనిలో పని: ఆమ్లాన్ని నీళ్లలో పొయ్యాలి, నీళ్లని ఆమ్లంలో కాదు. మజ్జిగకి ఈ నియమం లేదు.)

#13 ముల్కనాటి_మామ

విలీనం అంటే పార్టీలు చేసేది కదా మాస్టారూ. చిన్న పార్టీ పోయి పెద్ద పార్టీలో కలిస్తే పెద్దది పలచబడిందా, చిన్నది కరిగిందా?

#14 నిర్వాహకుడు

మామా, రాజకీయం వద్దు. మజ్జిగలోకి రండి.

#15 పాలకేంద్రం_బాబాయి

నేను 22 ఏళ్లు పాల సేకరణ కేంద్రంలో పని చేసి వచ్చినవాణ్ణి. నిఘంటువులు నాకు తెలియవు గానీ నీళ్లు తెలుసు. లాక్టోమీటరు వేస్తే మంచి పాలకి 28 నుంచి 32 దాకా చూపిస్తుంది. నీళ్లు పోస్తే పాలు తేలికై అది కిందికి మునుగుతుంది, అంకె తగ్గుతుంది. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలివైనవాడు ఏం చేస్తాడంటే ముందు మీగడ తీస్తాడు. కొవ్వు పోతే పాల సాంద్రత పెరుగుతుంది, అంకె పైకి వెళ్తుంది. అప్పుడు లెక్కగా నీళ్లు పోస్తాడు, అంకె మళ్లీ సరిగ్గా 29 దగ్గర నిలబడుతుంది. చూసేవాడికి పాలు బంగారం. అందుకే ఒక్క లాక్టోమీటరుతో వదలకుండా కొవ్వు పరీక్ష కూడా చేస్తారు. ఒకతను నా కళ్ల ముందే క్యాను మూత తీసి "చూడండి బాబాయ్, నీళ్లుంటే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. కొవ్వు 2 కూడా రాలేదు. పేరు మార్చుకోలేదు.

మీరు ఛచ్ఛిక అంటున్నది విన్నాక గుర్తొచ్చింది. సారం తీసి నీళ్లు పోయడమే కదా అదీ. ఇల్లాలు చేస్తే మజ్జిగ, క్యాను తెచ్చినవాడు చేస్తే కల్తీ.

ఇక ప్యాకెట్ల మీద "టోన్డ్" అని ఉంటుందే, అది కూడా పలచబరచడమే, కాకపోతే చట్టం ఒప్పుకున్నది. 1946లో బొంబాయిలో దారా ఖురోడీ అనే డెయిరీ ఆయన మొదలుపెట్టించారు. గేదె పాలలో కొవ్వు ఎక్కువ, ఊళ్లో పాలు తక్కువ. గేదె పాలలో నీళ్లూ, వెన్న తీసిన పాలపొడీ కలిపితే కొవ్వు దిగుతుంది, పొడి వల్ల మిగతా పోషకాలు పడిపోవు, పాలు ఎక్కువమందికి వస్తాయి. ఇప్పుడు టోన్డ్ అంటే కొవ్వు 3 శాతం, డబుల్ టోన్డ్ అంటే ఒకటిన్నర. కవ్వంకుండ అమ్మా, నువ్వు చేస్తున్నదీ ఆ పనే, పొడి ఒక్కటి లేదు.

#16 తీపిగుళికలు

డైల్యూషన్ అనగానే నాకు మా ఇంట్లో హోమియో సీసాలు గుర్తొస్తాయి. సీసా మీద "డైల్యూషన్" అని అచ్చు వేసి ఉంటుంది, మా నాన్న మాత్రం "పవర్ పెంచాను" అంటారు. 30 సి అంటే నూటికి ఒకటి చొప్పున 30 సార్లు పలచన చేయడం. నీళ్లు పెరిగే కొద్దీ పవర్ పెరిగినట్టు చెప్పే చోటు లోకంలో అదొక్కటే.

#17 ల్యాబ్‌కోటు

నూటికి ఒకటి 30 సార్లంటే 1 పక్కన 60 సున్నాలు. 12 సార్లు దాటేసరికే మూల పదార్థం అణువు ఒక్కటైనా మిగలడం కష్టం. దీనికి అమరసింహుడి దగ్గర ఒక్కటే మాట ఉంది, నిర్జలానికి తిరగేసి, జలం.

#18 నిర్వాహకుడు

హోమియో గొడవకి వేరే చర్చ తెరవండి. ఇది మూడోసారి ఈ నెలలో.

#19 ప్రూఫ్‌కళ్లు

పత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. "డైల్యూట్" అని ఇంగ్లీషు కాపీలో వస్తే మా డెస్కులో నూటికి తొంభైసార్లు "నీరుగార్చారు" అని పడుతుంది. చట్టాన్ని నీరుగార్చారు, హామీని నీరుగార్చారు, దర్యాప్తును నీరుగార్చారు. మామూలు మాటల్లో "నీరుగారిపోయాడు" అంటే మనిషి డీలాపడిపోయాడని. నీళ్లు కలపడం లేదు అందులో, ఉన్నది కారిపోవడం ఉంది. అయినా డైల్యూట్‌కి అంత బాగా అతికే మాట ఇంకోటి దొరకలేదు మాకు.

పలుచన కూడా అంతే. "నలుగురిలో పలుచనైపోయాడు" అంటే మర్యాద పోయిందని. చిక్కదనం మాత్రం ఎప్పుడూ గొప్పే: చిక్కటి కవిత్వం, చిక్కటి కాఫీ, చిక్కటి స్నేహం. తెలుగులో నీళ్లు కలిసిన మాట ఏదైనా చివరికి తిట్టుగా మారాల్సిందే. వాట్సాప్ ఆయన తిట్టింది మిమ్మల్ని కాదండీ, ఆయన నోట్లోని భాష అలా తిప్పింది.

ఇంకో సంగతి. బ్రౌన్ దొర 1852 నాటి తెలుగు నిఘంటువులో మజ్జిగకీ చల్లకీ బట్టర్‌మిల్క్ అనే రాసుకున్నారు. ఇంగ్లీషువాళ్లు ఆ వస్తువుకి పేరు వెన్నను బట్టి పెట్టారు, అమరం నీళ్లను బట్టి పెట్టింది. అక్కడ వెన్న తీయగా మిగిలింది, ఇక్కడ నీళ్లు పోయగా అయ్యింది. చలిదేశం, ఎండదేశం అనుకోవాలేమో.

#20 రంగుడబ్బా

నాది పెయింట్ల షాపు, రాత్రిళ్లు పాత నిఘంటువులు తిరగేసే పిచ్చి కూడా ఉంది. డైల్యూట్‌కి 1755లో లండన్‌లో అచ్చయిన జాన్సన్ నిఘంటువులో మొదటి అర్థం వేరేవి కలిపి పలుచన చేయడం, రెండో అర్థం బలహీనం చేయడం. ప్రూఫ్‌కళ్లు గారు చెప్పిన జబ్బు అక్కడా ఉంది, పలుచన వెనకే బలహీనం.

మూలం లాటిన్. "డిలూయెరె" అంటే కడిగేయడం, కడిగి కొట్టుకుపోయేలా చేయడం. జలప్రళయం అన్న అర్థంలో ఇంగ్లీషువాళ్లు వాడే డెల్యూజ్ కూడా ఆ వేరు నుంచే. ఇప్పుడు మళ్లీ మొదటి పోస్టు చదవండి. "పెరుగు గిన్నె తొలిచిన నీళ్లు" అన్నాడా లేదా? ఆ మహానుభావుడు తెలియకుండానే డైల్యూట్‌కి లాటిన్ వ్యుత్పత్తి చెప్పాడు!

ఇంకోటి నా దుకాణం సంగతి. గోడలకి వేసే డిస్టెంపర్ ఉంది కదా, ఆ పేరు పాత ఫ్రెంచిలో ద్రవంలో నానబెట్టు, పలుచన చేయి అన్న క్రియ నుంచి వచ్చింది. అంటే డబ్బా పేరే నీళ్లు కలపమంటోంది. మేస్త్రీలకి ఇది చెప్పకండి. ఇప్పటికే డబ్బా మీద రాసిన కొలతకి రెట్టింపు నీళ్లు కలిపి, గోడ మచ్చలు మచ్చలుగా వస్తే కంపెనీని తిడుతున్నారు.

#21 శబ్దమంజరి

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ఉదశ్విత్తు అన్న మాట ఎవరూ విప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. ఉద అంటే నీరు, శ్వయతి అంటే ఉబ్బుతుంది, పెరుగుతుంది. నీటితో పెరిగేది ఉదశ్విత్తు. పలచబడేది అనలేదు, పెరిగేది అన్నారు. ఓరుగల్లు అమ్మాయి వాళ్ల అమ్మమ్మ గురిగి చూసి పెట్టినట్టుంది పేరు.

ఈ మాట అమరం కంటే చాలా పాతది. పాణిని దీని కోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే రాశాడు, "ఉదశ్వితోఽన్యతరస్యామ్". ఉదశ్విత్తులో వండిన వంటకాన్ని ఔదశ్విత్కం అనొచ్చు, ఔదశ్వితం అని కూడా అనొచ్చు, రెండూ ఒప్పే అని. దాని ముందు సూత్రం పెరుగుతో చేసిన దాధికం గురించి. అంటే మన మజ్జిగ పులుసుకి పాణిని కాలంలోనే వ్యాకరణం ఉంది. మా విద్యార్థులు తద్ధితాలు అనగానే ఆవలిస్తారు, మజ్జిగ పులుసు అనగానే లేస్తారు.

పలుచని పెరుగుకి వేరే మాట ఉంది అమరంలోనే: ద్రప్సం. "ద్రప్సం దధి ఘనేతరత్", గట్టిది కాని పెరుగు. నీళ్లు పోయకపోయినా సరిగ్గా తోడుకోకుండా జారుగా ఉంటుందే, అది. నీళ్లు పోస్తే ఒక పేరు, దానంతటదే పలుచనైతే ఇంకో పేరు. హోటల్ పెరుగు ఈ రెంటిలో ఏదో అడిగి తెలుసుకోవాలి.

#22 లెక్క_తప్పని_పంతులు

ఎవరైనా గ్లాసుల్లో కలిపి చూశారా, లేక అందరూ కీబోర్డు మీదే చిలుకుతున్నారా?

#23 కవ్వంకుండ

చూశాను పంతులుగారూ, ఇవాళ పొద్దున. గట్టిగా తోడుకున్న పెరుగు, ఒక్కో గిన్నెలో 200 మిల్లీలీటర్లు, ఐదు గిన్నెలు. మీగడ తియ్యలేదు, కాబట్టి భావప్రకాశం పేర్లకి పూర్తిగా సరిపోవు, తెలుసు, కొట్టకండి.

నీళ్లు లేకుండా చిలికినది గరిట నుంచి దోసెల పిండిలా పడింది, గరిటజారు. 50 పోస్తే, అదే తక్రం, కొంచెం వదులైంది గానీ ఇంకా గరిట వీపుకి తెల్లటి పూత అంటుకునే ఉంది, వేలితో గీత గీస్తే గీత నిలిచింది. 100 పోసినది లస్సీ. 200కి 200 పోస్తే అప్పుడు మా పుట్టింట్లో "చిక్కటి మజ్జిగ" అనేది వచ్చింది, ఉదశ్విత్తుని పంతులుగారి రెండో లెక్కన తీసుకుంటే అదే. 800 పోసింది నా డ్రమ్ము సరుకు. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పైన అంగుళం మందాన తేట, కింద తెల్లది. కలిపితే మళ్లీ ఒక్కటైంది. డ్రమ్ము దగ్గర గరిట పెట్టి కలుపుతూ పొయ్యకపోతే చివర వచ్చినవాళ్లకి తేటే దక్కుతోందని ఇప్పుడు తెలిసింది. ఆ ఒకాయన బహుశా తేట వచ్చినప్పుడు తాగి ఉంటాడు. అంత కోపం తెచ్చుకోవాల్సింది కాదు నేను.

రాస్తుంటే ఇంకోటి తోచింది. మన వంటింట్లో కొలత అంకెల్లో లేదు. గరిటజారు, ముద్ద, జావ, చారు, నీళ్లనీళ్లగా. గరిట ఎత్తితే ఎలా పడుతుందో అదే కొలత. పాకానికైతే లేతపాకం, తీగపాకం, ఉండపాకం, అక్కడ వేళ్ల మధ్య చూస్తాం. మా అత్తగారు జీవితంలో పాదాంబు అనలేదు, కానీ ఆవిడ మజ్జిగ ఏ రోజూ మారలేదట.

#24 ఓరుగల్లు_పోరి

మరి మామగారికి ఏది పోసినవ్ అక్కా? అసలు ఆయన వల్లనే కదా ఈ లొల్లి అంతా.

#25 కవ్వంకుండ

అదే చెప్పబోతున్నా. మధ్యాహ్నం భోజనం అయ్యాక తక్రం గ్లాసు తీసుకెళ్లి చేతికిచ్చాను. సరిగ్గా పాదాంబు, కొలిచి చేశాను మామయ్యా అని కూడా చెప్పాను. ఒక గుక్క తాగి, కాసేపు చప్పరించి, "ఇది అన్నంలో కలుపుకునేదమ్మా, తాగేది కాదు. ఎండలో పడి ఉన్నాను, ఇంత చిక్కగా ఎలా దిగుతుంది" అని గ్లాసు వెనక్కిచ్చారు. నీళ్ల చెంబు చూపించి ఇంకాస్త, ఇంకాస్త అంటూ పోయించుకున్నారు. నేను పెద్ద గ్లాసులోకి మార్చాల్సి వచ్చింది. చివరికి వన్-ఈజ్-టు-త్రీ దాటింది. అమరసింహుడేమంటాడు అంటే "ఆయన మా ఊరి ఎండలో తిరగలేదు" అన్నారు.

రేపటి నుంచి డ్రమ్ము మీద కాగితం అంటిస్తున్నా: "ఛచ్ఛిక. కలిపి పోసుకోండి."

#26 పాలకేంద్రం_బాబాయి

కాగితం సరేనమ్మా. 10 లీటర్ల పెరుగు రోజూ వస్తోందన్నావు, ప్యాకెట్టా, విడి పెరుగా? పులుపు త్వరగా ఎక్కుతుంటే డ్రమ్ము చుట్టూ తడిపిన గోనెపట్టా చుట్టించు. అప్పుడు నీళ్లు తక్కువ పోసినా తాగుతారు.